వేటలో సాక్షి: థోరో ‘చెసంకుక్’ వ్యాసం – విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 రచయిత, రచనా నేపథ్యం
9.3 యాత్రా కథనం
9.4 వేట ఘట్టం: కొలత, కనికరం
9.5 కథకుడి నైతిక స్థానం
9.6 జో ఎయిటియన్ చిత్రణ
9.7 పైన్ చెట్టు వాక్యం
9.8 ముగింపులోని ప్రతిపాదన
9.9 సారాంశం
9.10 మీ అవగాహనను పరీక్షించుకోండి: జవాబులు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.12 కఠిన పదాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ‘చెసంకుక్’ వ్యాస నేపథ్యాన్ని, అందులోని యాత్రాక్రమాన్ని వివరించగలుగుతారు.
• వేట ఘట్టంలో రచయిత అనుసరించిన కథన పద్ధతిని విశ్లేషించగలుగుతారు.
• కథకుడు తీసుకున్న నైతిక స్థానంలోని బలాన్ని, లోపాన్ని వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఒక యాత్రా రచనను విమర్శకుడు ఏయే ప్రశ్నలతో చదవాలో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

వేట వర్ణన మన సాహిత్య విద్యార్థులకు కొత్త కాదు. ప్రబంధాలలో మృగయావినోద ఘట్టాలను మీరు చదివే ఉంటారు. అక్కడ వేట రాజు పరాక్రమానికి నిదర్శనం. కవి దృష్టి వేటగాడి మీద, వేటకుక్కల మీద, పరుగుల మీద ఉంటుంది. ఈ యూనిట్‌లో పరిశీలించబోయే రచన దీనికి భిన్నమైనది. ఇందులో కథకుడు వేటగాడు కాడు. వేటగాళ్ళ వెంట వెళ్ళి, చూసి, తిరిగివచ్చి, చూసినదానిని రాసినవాడు. చూసినందుకు తనకూ అందులో వాటా ఉందని ఒప్పుకున్నవాడు.

చాలా ఏళ్ళ క్రితం ఒక సంపర్క తరగతిలో ఈ వ్యాసం గురించి మాట్లాడుతున్నప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక విద్యార్థి లేచి ఇలా అన్నాడు: “సార్, మా ఇంట్లో పండగకు మేకను కోస్తాం. మా నాయన కోస్తాడు, అందరం తింటాం. ఎవరూ ఏడవం. ఈయన వేటకు వెళ్ళాడు, మాంసం తిన్నాడు, తరువాత బాధపడి వ్యాసం రాశాడు. ఇందులో గొప్ప ఏముంది?” ఆ రోజు నేను ఏదో జవాబు చెప్పి తరగతి ముగించాను. ఆ జవాబు నాకే తృప్తి ఇవ్వలేదు. ఈ యూనిట్‌ను ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానంగా మీరు చదవవచ్చు.

9.2 రచయిత, రచనా నేపథ్యం

హెన్రీ డేవిడ్ థోరో (1817–1862) అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కాంకర్డ్ అనే ఊరిలో పుట్టాడు. మన పాఠకులకు ఆయన రెండు రచనల ద్వారా పరిచితుడు. ఒకటి, 1849లో ప్రచురితమై తరువాత ‘సివిల్ డిసొబీడియెన్స్’ పేరుతో ప్రసిద్ధికెక్కిన వ్యాసం. గాంధీజీ ఆలోచనలకు బలమిచ్చిన రచనల్లో ఇది ఒకటి. రెండవది 1854లో వచ్చిన ‘వాల్డెన్’. భగవద్గీతను ఆంగ్లానువాదంలో చదివి, దాని గురించి ‘వాల్డెన్’లో గౌరవంగా ప్రస్తావించిన రచయిత ఆయన.

థోరో అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రపు అడవులలోకి 1846, 1853, 1857 సంవత్సరాలలో మూడు యాత్రలు చేశాడు. ఈ మూడు యాత్రల కథనాలు కలిసి ఆయన మరణానంతరం 1864లో ‘ది మెయిన్ వుడ్స్’ అనే గ్రంథంగా వెలువడ్డాయి. వాటిలో రెండవది ‘చెసంకుక్’. అది ఒక సరస్సు పేరు. ఈ వ్యాసం మొదట 1858లో ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో మూడు భాగాలుగా అచ్చయింది. అప్పటి సంపాదకుడు కవి జేమ్స్ రసెల్ లోవెల్.

కాలక్రమాన్ని గమనించండి. యాత్ర జరిగింది 1853 సెప్టెంబరులో. ‘వాల్డెన్’ అచ్చయింది ఆ మరుసటి సంవత్సరం. మనిషి బాల్యంలో వేటగాడిగా అడవిని పరిచయం చేసుకుంటాడని, వివేకం పెరిగిన తరువాత తుపాకిని వదిలేస్తాడని థోరో ‘వాల్డెన్’లో వాదించాడు. తన తుపాకిని అమ్మేశానని కూడా చెప్పాడు. అంటే సూత్రం తెలిసినవాడే వేటగాళ్ళ వెంట నడిచాడు. వ్యాసంలోని ఘర్షణ ఇక్కడే మొదలవుతుంది.

9.3 యాత్రా కథనం

థోరో బోస్టన్ నుంచి స్టీమరులో బాంగోర్ పట్టణం చేరాడు. అక్కడ ఉండే ఆయన బంధువు ఒకరు మూస్ వేటకు ఏర్పాట్లు చేసుకున్నాడు. దుప్పి, కణితి, జింకలు చేరే జంతు కుటుంబంలో అన్నిటికంటే పెద్దది మూస్. పొడవైన కాళ్ళు, వేలాడే పై పెదవి, మగదానికి చేటల్లా విచ్చుకున్న కొమ్ములు దీని గుర్తులు. ఉత్తరాది చలి అడవులలో, నీటి మడుగుల దగ్గర ఇది తిరుగుతుంది.

వేటకు దారి చూపడానికి పెనాబ్‌స్కాట్ జాతికి చెందిన జో ఎయిటియన్ అనే యువకుడిని కుదుర్చుకున్నారు. బాంగోర్ నుంచి గుర్రపు బండిలో మూస్‌హెడ్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న గ్రీన్‌విల్‌కు, అక్కడి నుంచి స్టీమరులో సరస్సు ఉత్తరపు చివరకు, తరువాత పడవను, సామానును నేల మీదుగా మోయించుకొని పెనాబ్‌స్కాట్ నది పశ్చిమ పాయకు చేరారు. అక్కడి నుంచి ప్రయాణం బిర్చ్ చెట్టు బెరడుతో చేసిన తేలిక పడవలో. రాత్రి జో బిర్చ్ బెరడును బూరలా చుట్టి మూస్‌ను పిలిచే కూత వేశాడు. ఆ రాత్రి జంతువు రాలేదు. ఎక్కడో దూరాన చీకటిలో ఒక చెట్టు కూలిన మెత్తని శబ్దం మాత్రం వినిపించింది. వేట జరగని ఆ రాత్రి వర్ణన వ్యాసంలో అన్నిటికంటే ప్రశాంతమైన భాగం. మరునాటి మధ్యాహ్నం వచ్చే దృశ్యానికి అది పాఠకుడిని సిద్ధం చేయదు. సిద్ధం చేయకపోవడమే దాని పని.

9.4 వేట ఘట్టం: కొలత, కనికరం

మరునాడు పైన్ స్ట్రీమ్ అనే వాగు దగ్గర ఒక ఆడ మూస్, దానితో ఎదిగీ ఎదగని పిల్ల కనిపించాయి. థోరో బంధువు కాల్చాడు. గాయపడిన జంతువులు అడవిలోకి పరుగెత్తాయి. జో నెత్తుటి చుక్కలను, అడుగు జాడలను పట్టుకొని కొంతదూరం వెతికి విరమించాడు. మళ్ళీ పడవలో వాగు పైకి వెళ్తుండగా తల్లి మూస్ నీటి మధ్యలో చచ్చి పడి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

ఇక్కడ థోరో చేసిన మొదటి పని ఏమిటో గమనించండి. ఆయన దానిని కొలిచాడు. పడవను కట్టే తాడు తీసుకొని, జో సాయంతో, ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క ముడి వేశాడు. తాడు పడవకు అవసరం కాబట్టి ఆ రాత్రి ముడులు విప్పుతూ ఆ కొలతలను తన గొడుగు పొడవులోకి మార్చుకున్నాడు. మరునాడు చెసంకుక్‌లో రెండడుగుల కొలబద్ద దొరికాక అడుగులలోకి, అంగుళాలలోకి మార్చాడు. జంతువు చాలా పెద్దది అని ఊరికే చెప్పడం ఇష్టం లేక ఇంత శ్రమపడ్డానని కారణం కూడా చెప్పాడు. ముందరి గిట్ట నుంచి భుజం వరకు 7 అడుగుల 5 అంగుళాలు, పొడవు 8 అడుగుల 2 అంగుళాలు వచ్చాయి. ఎత్తు కొలత తప్పని తరువాత తానే ఒప్పుకొని, వేరొకసారి టేపుతో కొలిచిన మరో ఆడ మూస్ భుజం దగ్గర సరిగ్గా 6 అడుగులే ఉందని చేర్చాడు.

ఈ సవరణకు విమర్శలో చాలా విలువ ఉంది. వేట కథలకు సహజమైన జబ్బు అతిశయోక్తి. చెప్పిన ప్రతిసారీ జంతువు పెరుగుతుంది. థోరో చేతిలో అది తగ్గింది. తాను చూసినదానిని ఉన్నంతే చెప్పాలన్న పట్టుదల ఆయన రచనా నీతిలో మొదటి అంశం.

అయితే కొలత ఒక రకంగా తప్పించుకోవడం కూడా. తాడు ముడులు వేస్తున్నంత సేపు ఎదురుగా ఉన్నది ఒక వస్తువు. చచ్చిన తల్లి కాదు. తరువాతి పేరాలో జో జేబుకత్తితో చర్మం ఒలవడం మొదలుపెడతాడు. కొలవడానికి ఇక ఏమీ మిగలదు, చూడటం తప్ప. కత్తి తగిలిన పొదుగు నుంచి వెచ్చని పాలు కారుతాయి. చర్మం కింద నుంచి ఎర్రని ఒళ్ళు బయటపడుతుంది. థోరో ఇక్కడ ఉపమానాలు వాడలేదు, విలపించలేదు. వాక్యాలు పొట్టివి, వివరాలు కొద్దివి. పొదుగులో పాలు ఉన్నాయంటే పిల్ల ఇంకా తల్లిని విడవలేదని పాఠకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పిల్ల గాయంతోనో, గాయం లేకుండానో అడవిలో ఎక్కడో ఉంది.

కరుణరసం పోషించాలని కూర్చున్న రచయిత ఇక్కడ పేజీలు నింపేవాడు. థోరో ఒక్క వివరం దగ్గర ఆగిపోయాడు. కొలతల పట్ల ఆయన చూపిన శ్రద్ధ వల్లనే పాల వివరాన్ని మనం నమ్ముతాం. అంగుళం దగ్గర అబద్ధం చెప్పనివాడు ఇక్కడా చెప్పడని పాఠకుడికి అనిపిస్తుంది. రెండు భాగాలకు ఉన్న సంబంధం ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
అ) థోరో మూస్ కొలతలను ఏయే దశలలో నిర్ధారించుకున్నాడు?
ఆ) ఎత్తు కొలతను ఆయన తరువాత ఎలా సవరించాడు?

9.5 కథకుడి నైతిక స్థానం

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. ఆ రాత్రి విడిదిలో మూస్ మాంసం వేయించుకొని తిన్నారు. థోరో కూడా తిన్నాడు. లేత గొడ్డు మాంసంలా ఉందని రుచి కూడా చెప్పాడు. తరువాత మిగిలినవారు వేట కొనసాగించడానికి వెళ్ళారు. ఆయన వెళ్ళలేదు. మంట దగ్గర ఒంటరిగా కూర్చున్నాడు. వ్యాసానికి కేంద్రమైన ఆలోచనలు ఈ ఒంటరి రాత్రిలో వస్తాయి.

ఆయన ఆలోచనా క్రమం ఇది: ప్రాణం నిలుపుకోవడానికి సరిపడా వేటాడుతూ, చేపలు పట్టుతూ ఒక ఏడాది అడవిలో గడపడం తనకు సమ్మతమే. కానీ చర్మం కోసం కూడా కాకుండా, చంపిన తృప్తి కోసం మూస్‌ను చంపడం వేరు. అది రాత్రిపూట పొరుగువాడి పచ్చిక బీడుకు వెళ్ళి అతని గుర్రాలను కాల్చడంతో సమానం. మూస్‌లు దేవుడి గుర్రాలు. మధ్యాహ్నం జరిగిన పనిలో తనకూ భాగం ఉంది, దానితో యాత్రలోని ఆనందం చెడిపోయింది.

గుర్రాల పోలిక ఎందుకు పనిచేస్తుంది? కాంకర్డ్ పాఠకుడికి గుర్రం అంటే ఆస్తి, పనిలో తోడు. దానిని కాల్చినవాడు నేరస్థుడు. మూస్‌కు యజమాని లేడు కాబట్టి కాల్చినవాడు వీరుడు. తేడా జంతువులో లేదు, యాజమాన్యంలో ఉంది. ఈ అసంగతాన్ని థోరో ఒక్క పోలికతో బయటపెట్టాడు. వేటలో సాహసం అనుకునే అంశాన్ని కూడా ఇది తీసేస్తుంది. బీడులో గుర్రాన్ని కాల్చడానికి ధైర్యం అక్కరలేదు.

ఇక మాంసం తినడం. ఆయన దానిని దాచలేదన్న సంగతి ముఖ్యం. దాచి ఉంటే వ్యాసం మరింత పవిత్రంగా కనిపించేది, కానీ అబద్ధమయ్యేది. తాను వేటాడటానికి రాలేదని, వేటగాళ్ళ వెంట వెళ్ళే విలేఖరి లేదా మతగురువు వంటివాడినని మొదట్లో చమత్కరించాడు. మూస్‌ను దగ్గరగా చూడాలని, దానిని ఎలా చంపుతారో తెలుసుకోవాలని కోరిక ఉందని కూడా ఒప్పుకున్నాడు. ఆ కుతూహలానికి మూల్యం ఏమిటో మధ్యాహ్నం తెలిసింది.

మేకను కోసే తండ్రికి, థోరోకు తేడా కన్నీళ్ళలో లేదు. ఆ తండ్రికి తన పని ఏమిటో ముందే తెలుసు. మేకను పెంచినవాడు, కోసేవాడు, ఇంటిల్లిపాదికీ పంచేవాడు ఒకడే. అతని అవసరం స్పష్టం. థోరో వెళ్ళిన వేటలో మాంసంలో పెద్ద భాగం అడవిలోనే వదిలేశారు. అవసరం లేని చావు ఎదురుగా జరిగింది, తాను ఆపలేదు. ఆయన బాధ మాంసం తిన్నందుకు కాదు. అవసరానికి, సరదాకు మధ్య ఉన్న గీత తెలిసి కూడా సరదా వైపు నిలబడినందుకు. ఆ విద్యార్థి ప్రశ్నకు ఇదీ నా జవాబు. అతని తండ్రి పక్షాన థోరో వాదన కూడా నిలుస్తుంది.

9.6 జో ఎయిటియన్ చిత్రణ

వ్యాసంలోని బలహీనత మరోచోట ఉంది. అదే రాత్రి ఆలోచనలలో థోరో ఇండియన్లను, వేటగాళ్ళను ఒకే గాటన కట్టి, ప్రకృతిని వీళ్ళు మొరటుగా వాడుకుంటారని, వీళ్ళ జాతి త్వరగా అంతరించడంలో వింత లేదని అర్థం వచ్చే మాట రాశాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. తుపాకి పేల్చింది ఎవరు? ఆయన బంధువు. సరదా ఎవరిది? ఆయన బంధువుదే. జో కూలికి వచ్చినవాడు. తోలు అమ్ముకుంటే అతనికి నాలుగు డబ్బులు వస్తాయి. థోరో స్వయంగా గీసిన గీత ప్రకారం చూసినా జో అవసరం వైపే ఉంటాడు. కానీ శిక్ష వేసే వాక్యంలో బంధువు, జో ఒకే వరుసలో నిలబడ్డారు. పైగా అంతరించిపోతారన్న శాపం జో జాతికి మాత్రమే తగిలింది.

ఇది తొందరపాటులో జారిన మాట అనుకోవడానికి లేదు. ఆదిమ మానవుడిని చూడాలన్న ఆశతో థోరో జో దగ్గరకు వచ్చాడు. జో మాత్రం కలప కూలీల దుస్తులు వేసుకుంటాడు, తెడ్డు వేస్తూ ‘ఓ సుసానా’ పాటను ఈల వేస్తాడు, యాంకీల ఊతపదాలు వాడతాడు. నీ పూర్వీకుల్లా అడవి మీదే ఆధారపడి బతకగలవా అని అడిగితే, రొట్టె, పంది మాంసం వంటి సరుకులు లేకుండా అడవిలోకి అడుగుపెట్టనని చెప్పాడు. ఈ సంభాషణను థోరో నిజాయితీగా నమోదు చేశాడు. అందులోని అర్థాన్ని మాత్రం పూర్తిగా అందుకోలేకపోయాడు. జో తన కాలంలో బతుకుతున్న పనివాడు. అతనిని గతకాలపు నమూనాగా చూడాలనుకున్నది థోరో.

ఇదే ప్రాంతానికి చెందిన రచయిత్రి ఫానీ హార్డీ ఎక్‌స్టార్మ్ 1908లో అట్లాంటిక్ మంత్లీలోనే ‘ది మెయిన్ వుడ్స్’ గురించి రాస్తూ, అడవి విద్యలో థోరో ప్రజ్ఞ స్వల్పమని, ఆయన గొప్పదనం కవిగా, వ్యాఖ్యాతగా చూడాలని వాదించింది. ఆమె తండ్రి జోను ఎరిగినవాడు. 1904లో వెలువడిన ఆమె గ్రంథం ‘ది పెనాబ్‌స్కాట్ మ్యాన్’లో జో మరణ వృత్తాంతం ఉంది. కలప దుంగలను నదిలో నడిపే పనిలో, 1870లో, అతను నీటిలో మునిగి చనిపోయాడు. గాయపడిన మూస్‌ను వెతకడం జో తొందరగా మానేశాడని థోరో తప్పుపట్టాడు. ఎక్‌స్టార్మ్ రచన చదివితే ఆ జోనే పడవ నాయకుడిగా, తోటివారు గౌరవించిన మనిషిగా కనిపిస్తాడు. ఒకే వ్యక్తిని ఇద్దరు రచయితలు ఎంత భిన్నంగా చూడగలరో ఇది తెలుపుతుంది. పెనాబ్‌స్కాట్ జాతి అంతరించలేదు. ఈనాటికీ మెయిన్ రాష్ట్రంలో, అదే నది మధ్య లంకలో, తన స్వంత ప్రభుత్వంతో ఉంది.

థోరో తన పాక్షికతను తరువాతి కాలంలో కొంత దిద్దుకున్నాడనే చెప్పాలి. ఈ యాత్రలోనే ఒక రాత్రి తెల్లవారి విడిదిని కాదని ఇండియన్ల విడిదిలో పడుకొని, వారి భాషను గంటల తరబడి విన్నాడు. 1857 యాత్రలో దారి చూపిన జో పోలిస్‌ను శిష్యుడిలా అనుసరించాడు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
అ) థోరో ఆశించిన జోకు, ఎదురైన జోకు ఉన్న తేడా ఏమిటి?
ఆ) ఎక్‌స్టార్మ్ థోరోను ఏ విషయంలో విమర్శించింది?

9.7 పైన్ చెట్టు వాక్యం

మూస్ గురించిన ఆలోచన నుంచి థోరో పైన్ చెట్టు వైపు మళ్ళాడు. మెయిన్ అడవులలోకి వెళ్ళేవారిలో ఎక్కువమంది కలప కోసం వెళ్ళేవారే. నరికి పలకలు చేసిన పైన్ ఇక పైన్ కాదు, శవం మనిషి కానట్టే అన్నది ఆయన వాదం. చెట్టును నిజంగా ఎరిగినవాడు రంపం పట్టినవాడు కాదు, కవి అన్నాడు. చివరకు ఆ చెట్టు కూడా తనలాగే అమరమైనదని, స్వర్గంలో తనకంటే ఎత్తుగా నిలవవచ్చని భావం వచ్చే వాక్యం రాశాడు.

లోవెల్ ఆ వాక్యాన్ని తీసేసి అచ్చు వేశాడు. చెట్టుకు ఆత్మ ఉందనడం నాటి క్రైస్తవ పాఠకులకు మింగుడుపడదని ఆయన శంకించి ఉండవచ్చు. థోరో 1858 జూన్‌లో తీవ్రమైన ఉత్తరం రాశాడు. లోవెల్ సంపాదకుడిగా ఉన్నంతకాలం ఆ పత్రికకు మళ్ళీ రాయలేదు. తొలగించిన వాక్యం 1864 గ్రంథంలో తిరిగి చేరింది.

నిర్మాణపరంగా ఆ వాక్యం ఎందుకు అవసరమో చూడండి. మూస్ మీద జాలి చూపడం తేలిక, అది తల్లి కాబట్టి. పాలు కారని, నెత్తురు కారని చెట్టు మీద అదే న్యాయం వర్తింపజేయడం కష్టం. ఆ వాక్యం లేకపోతే వ్యాసం ఒక జంతువు చావుపై సానుభూతిగా మిగులుతుంది. ఉంటే, మనిషికి ఉపయోగపడటమే ప్రాణికి విలువ కాదనే సిద్ధాంతంగా పూర్తవుతుంది.

9.8 ముగింపులోని ప్రతిపాదన

వ్యాసం చివర థోరో, శాశ్వత నివాసానికి తనకు కాంకర్డ్ వంటి సాగుభూమే హాయి అని ఒప్పుకున్నాడు. కానీ కవి అప్పుడప్పుడు అడవి దారి తొక్కాలన్నాడు. ఇంగ్లండు రాజులు తమ వేట కోసం అడవులను కాపాడుకున్నారు. ప్రజలు రాజరికాన్ని వదులుకున్న దేశంలో జాతి మొత్తానికి అటువంటి రక్షిత అడవులు ఎందుకు ఉండకూడదని ప్రశ్నించాడు. ఎలుగు, చిరుత వంటివి, వేటగాళ్ళ జాతిలో కొందరు కూడా అక్కడ బతకవచ్చని, అవి సరదా వేటకో తిండికో కాక మనిషికి ప్రేరణనిచ్చేందుకు ఉండాలని అన్నాడు. యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానం ఏర్పడింది 1872లో. అంతకు 14 ఏళ్ళ ముందు అచ్చయిన మాట ఇది.

ఈ దూరదృష్టిని మెచ్చుకుంటూనే జాబితాను మళ్ళీ చదవాలి. ఎలుగు, చిరుత, వేటగాళ్ళ జాతి. రక్షించవలసిన వాటి వరుసలో మనుషులు కూడా జంతువుల పక్కన నిలబడ్డారు. రక్షిత అడవిని ఎవరు నడపాలి, అందులో తరతరాలుగా ఉన్నవారి మాటకు విలువ ఎంత అనే ప్రశ్న ఆయనకు రాలేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవిలో నివసించేవారి హక్కులను గుర్తించే చట్టం రావడానికి 2006 దాకా పట్టింది. నల్లమలలో పులుల అభయారణ్యాన్ని, చెంచు గూడేలను ఎరిగిన విద్యార్థులకు ఆ మధ్యకాలపు వెలితి ఏమిటో వివరించనక్కరలేదు. ఆ వెలితి థోరో జాబితాలోనూ కనిపిస్తుంది.

9.9 సారాంశం

‘చెసంకుక్’ 1853లో జరిగిన ఒక మూస్ వేట యాత్ర కథనం. అతిశయోక్తిని తిరస్కరించే కొలత, కొద్ది వివరాలతో చెప్పిన తల్లి మూస్ చావు ఇందులో ఒకదానికొకటి బలం. కథకుడు తనను నేరానికి బయట నిలబెట్టుకోలేదు. అవసరానికి చేసే వేటను, తృప్తికి చేసే వేటను వేరుచేశాడు. అయితే ఆ గీతను జో ఎయిటియన్ విషయంలో తానే పాటించలేదు. మూస్ మీది జాలిని పైన్ చెట్టుకు విస్తరించడం వల్ల వ్యాసం సిద్ధాంత స్థాయికి ఎదిగింది. రక్షిత అడవుల ప్రతిపాదన దూరదృష్టి గలదే కాని, అడవిలోని మనుషుల విషయంలో అసంపూర్ణం. రచయిత నిజాయితీగా నమోదు చేసిన వివరాలతోనే ఆయన తీర్పులోని తప్పును మనం పట్టుకోగలుగుతున్నాం. ఆ అవకాశం ఇవ్వడం మంచి రచన లక్షణం.

9.10 మీ అవగాహనను పరీక్షించుకోండి: జవాబులు

1. అ) తాడుకు ముడులు వేసి, ఆ రాత్రి వాటిని గొడుగు పొడవులోకి, మరునాడు కొలబద్ద సాయంతో అడుగులు, అంగుళాలలోకి మార్చాడు.
ఆ) 7 అడుగుల 5 అంగుళాలు అన్నది తప్పని ఒప్పుకొని, మరో ఆడ మూస్ ఎత్తు 6 అడుగులేనని చేర్చాడు.
2. అ) ఆదిమ మానవుడిని ఆశించాడు. తన కాలపు పాటలు, మాటలు, సరుకులతో బతికే పనివాడు ఎదురయ్యాడు.
ఆ) అడవి విద్యలో ఆయన ప్రజ్ఞ స్వల్పమని విమర్శించింది.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘చెసంకుక్’ వేట ఘట్టంలో కొలతకు, కనికరానికి ఉన్న సంబంధాన్ని విశ్లేషించండి.
2. జో ఎయిటియన్ చిత్రణలో థోరో పాక్షికతను సోదాహరణంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొరుగువాడి గుర్రాల పోలికలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. పైన్ చెట్టు వాక్యం తొలగింపు వివాదాన్ని తెలపండి.
3. మీ ఇంట్లో గాని, ఊరిలో గాని మీరు చూసిన ఒక వధ దృశ్యాన్ని అతిశయోక్తి లేకుండా రాయండి. అందులో మీ పాత్ర ఏమిటో చెప్పండి.

9.12 కఠిన పదాలు

మృగయావినోదం: వేటను వినోదంగా సాగించడం
పాక్షికత: ఒక పక్షం వైపు మొగ్గు చూపడం
అసంగతం: పొంతన లేనిది
ఔచిత్యం: తగి ఉండటం
అభయారణ్యం: వేట నిషేధించిన రక్షిత అడవి